చూపిస్తామన్న బిడ్డ

20 జనవరి 1980, ఆదివారం

ఈ నోటుబుక్కు స్కూలు లాబ్ కోసం కొన్నది. ఈ రోజు నుంచి నాది. మిత్రమండలి కార్యదర్శిగా మినిట్స్ పుస్తకం ఎలాగూ రాస్తాను కానీ, అందులో రాయకూడనివి కొన్ని ఉంటాయి. వాటికీ ఒక చోటు కావాలి.

ప్రతి మూడో ఆదివారంలాగే సభ హైస్కూలు వసారాలో జరిగింది. పదిహేడు మంది వచ్చారు. అధ్యక్షులు శివరామయ్య గారు దుర్గి నుంచి మొదటి బస్సుకే దిగారు. ఆయన రాతి శిల్పి. నెలంతా దేవుళ్ళను చెక్కుతారు, మూడో ఆదివారం మాచర్ల వచ్చి దేవుడు లేడంటారు. ఎవరైనా వెక్కిరిస్తే, "వాడు ఏ రాతిలోంచి వచ్చాడో నాకు తెలిసినంత నీకు తెలుసంట్రా?" అంటారు.

రక్తదాతల పట్టిక, నేత్రదానం ఫారాలు అయ్యాక అసలు విషయానికి వచ్చాం. ఫిబ్రవరి పదహారు, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం. మన ఊరు ఆ నీడ అంచున పడుతుందట, కృష్ణ దాటితే పూర్తిగా కనబడుతుందట. ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. మనం ఏం చెయ్యాలి? కరపత్రం అన్నారు ఒకరు. ఉపన్యాసం అన్నారు ఇంకొకరు. నాకు ఒళ్ళు మండింది. కాగితాలు చదివి ఎవడు మారాడు గనక? లేచి నిలబడ్డాను.

"నా భార్య సుభాషిణికి అప్పటికి ఎనిమిదో నెల. గ్రహణం పట్టినంతసేపూ ఆరుబయట కూర్చుని కత్తిపీట మీద కూరగాయలు తరుగుతుంది. బిడ్డ పుట్టాక ఇదే వసారాకు తెచ్చి ఊరందరికీ చూపిస్తాం. పెదవి చీలిందో లేదో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు" అన్నాను.

చప్పట్లు మోగాయి. శివరామయ్య గారు లేచి కౌగిలించుకున్నారు. ఆ మాటలు అక్కడికక్కడే కరపత్రంలో ఎక్కించారు.

ఇంటికొచ్చి సుభాషిణికి చెప్పాను. ముందే అడగాల్సిందేమో. కానీ తనూ సంఘం మనిషే. మా దండల పెళ్ళి జరిగింది ఆ వసారాలోనే. కాదనదని నాకు తెలుసు. కాదనలేదు కూడా.

"బిడ్డ బాగా పుడితే ఏం రుజువైనట్టు?" అంది.

"గ్రహణం వల్ల ఏమీ కాదని."

"ఒక్క బిడ్డతోనా? ఏం సైన్సు మాస్టారువయ్యా నువ్వు!" అని చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

భార్యాభర్తలు పేర్లతోనే పిలుచుకోవాలని మండలి తీర్మానం. సభలో నన్ను పుల్లారావ్ అనే పిలుస్తుంది. ఇంట్లో మాత్రం ఏమయ్యా.

పెళ్ళయి ఆరేళ్ళు. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఆ సంగతి సభకు చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు.

24 జనవరి

ఎనిమిదో తరగతికి బోర్డు మీద గీసి మరీ చెప్పాను. కడుపులో బిడ్డకు పై పెదవి కలిసేది మూడో నెల లోపలే. తర్వాత ఏ సూర్యుడూ ఏ చంద్రుడూ వచ్చి దాన్ని చీల్చలేరు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మరి దాన్ని గ్రహణమొర్రి అని ఎందుకంటారు సార్?" అన్నాడు.

కూర్చోమన్నాను.

27 జనవరి, ఆదివారం

రిక్షాకు మైకు కట్టి పార్కు సెంటరు నుంచి బస్టాండు దాకా తిరిగాం. నా గొంతు నాకే బ్రహ్మాండంగా వినబడింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఒరేయ్, పెళ్ళాం కడుపును టముకేసి చెప్పుకునేది ఏందిరా? సిగ్గులా నీకు? రెండు పోయినయ్, ఇదన్నా బతకనీరా!" అంది. మౌఢ్యం అన్నాను. ఇక నాతో మాట్లాడనంది. మా అమ్మ నాగేంద్రమ్మ మాటంటే మాటే. అన్నం సుభాషిణి చేత పెట్టిస్తోంది.

పక్కింటి ఖలందర్‌ది బస్టాండు దగ్గర వెల్డింగు షాపు. గ్రహణం చూడటానికి నల్లద్దాలు అడిగితే పది ముక్కలు కోసి అంచులు అరగదీసి ఇచ్చాడు. "వీటిల్లోంచే చూడండి మాస్టారూ. వట్టి కళ్ళతో చూసేరు, కళ్ళు పోతయ్" అన్నాడు. తను రాడట, ఆ వేళకు నమాజు ఉందట.

సందు దొరికింది కదా అని వాళ్ళ చెల్లెలు బీబీ గురించి కూడా అడిగేశాను. ఆ పిల్లకు ఇరవయ్యారేళ్ళు. మా రెండిళ్ళకూ ఒకటే పెరడు, ఒకటే బావి. ఆరేళ్ళుగా చూస్తున్నాను, నీళ్ళు తోడేటప్పుడు కూడా కళ్ళ కింద నుంచి ముసుగే. "ఆడపిల్లను ఇట్లా మగ్గబెడితే నీ మతానికి ఒరిగేదేంది ఖలందర్?" అన్నాను. స్త్రీ స్వేచ్ఛ మీద మా కరపత్రం రెండు కాపీలు ఇచ్చాను.

మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే మాస్టారూ" అన్నాడు. మంచివాడే. ధైర్యమే లేదు.

10 ఫిబ్రవరి

నాకు భయం లేదు.

13 ఫిబ్రవరి

నర్సు దయామణి వచ్చి చూసి అంతా బాగుందంది. నాకు భయం లేదని ఆమెకు కూడా చెప్పాను. "మిమ్మల్ని ఎవరడిగారు సార్?" అంది.

16 ఫిబ్రవరి, శనివారం, ఉదయం

అమ్మ తెల్లవారకముందే పచ్చడి జాడీల మీద, నీళ్ళ బిందె మీద దర్భపోచలు వేసి పెట్టింది. జాడీ మీద నుంచి ఒక పోచ తీసి పొయ్యిలో వేశాను. అంతే.

అదే రోజు, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను. లాబ్ రికార్డు రాసేవాణ్ణి, వరసగా రాయలేనా?

ఊళ్ళో కుక్కలు తప్ప మనుషులు లేరు. సాగర్ బస్సులో మేం పదకొండు మందిమే. కండక్టరు సుభాషిణి పొట్ట చూసి, "అక్కా, నువ్వు గూడానా?" అని ముందు సీటు ఖాళీ చేయించాడు. డ్యాం దాటి అవతలి ఒడ్డుకు చేరి, నీళ్ళు కనబడే ఒక గట్టు మీద చాప పరిచాం. దగ్గర్లో ఒకటే గుడిసె. తలుపు సందులోంచి ఒక ముసలమ్మ కేకేసింది. "ఓ బిడ్డా, కడుపుతోని ఉండి బయట కూసున్నవేంది? లోపటికి రా."

"ఇదయిపోయాక వస్తానమ్మా" అంది సుభాషిణి. కత్తిపీట వాల్చి వంకాయలు ముందు పోసుకుంది.

రెండున్నర ప్రాంతంలో మొదటి గాటు పడింది. ఖలందర్ అద్దంలోంచి సూర్యుడు పచ్చగా, ఎవరో కొరికిన జామకాయలా కనిపించాడు. పక్కనున్న వేపచెట్టు నీడలో వేలకొద్దీ నెలవంకలు. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. ఎందుకవుతాయో నాకు తెలుసు, పాఠం చెబుతాను. అయినా ఒక నెలవంక సుభాషిణి చేతి మీద పడితే పాఠం గుర్తురాలేదు.

మూడున్నర దాటాక వెలుగు సన్నబడింది. సాయంత్రమైతే వెలుగు ఎర్రబడుతుంది. ఇది ఎర్రబడలేదు, పల్చబడింది. చల్లగాలి లేచింది. కొంగలు బారులుగా చెట్లకు మళ్ళాయి. ముసలమ్మ కోళ్ళు గంప కిందికి దూరాయి. శివరామయ్య గారు పిడికిలెత్తి, "మూఢనమ్మకాలు..." అన్నారు, "నశించాలి!" అన్నాం. మళ్ళీ అన్నారు, మళ్ళీ అన్నాం. మూడోసారి నోరు తెరిచారు గానీ మాట రాలేదు. ఆయన చూస్తున్న వైపు చూశాను.

పడమటి నుంచి, నీళ్ళ మీదుగా, చీకటి వస్తోంది. రావడం కళ్ళకు కనబడింది. కొండలు మునిగాయి, నీళ్ళు మునిగాయి, మేం మునిగాం.

సూర్యుడున్న చోట నల్లటి గుండ్రం. చుట్టూ తెల్లటి వెలుగు, తల నెరిసిన మనిషి జుట్టు విప్పినట్టు, అన్ని వైపులకూ. పదిహేనేళ్ళుగా ఇది బోర్డు మీద గీస్తున్నాను. ఇది కాదు నేను గీసింది. ఏం గీశానో, పిల్లలకు ఏం చెప్పానో! చుట్టూ ఆకాశం అంచున నాలుగు దిక్కులా తెల్లవారుతున్నట్టు ఎరుపు. నడినెత్తిన మాత్రం చుక్కలు. ఒకటి చూశాను. రెండోది చూశాను. మూడోది సుభాషిణి చూపించింది. పొద్దునంతా అక్కడే ఉన్నాయి కదా అవి, రోజూ పగలంతా అక్కడే ఉంటాయి కదా, మనకే కనబడవు. ఈ ముక్క నాకు తెలియనిది కాదు. తెలియడం వేరు.

సుభాషిణి కత్తిపీట మీద చేయి ఆపి తల పైకెత్తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. నా చేయి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నుతోంది. ఆ నిమిషంలో నేను దేనికీ భయపడలేదు. నిజంగా. అంతకుముందు ఇందులో రాసుకున్నట్టు కాదు.

నిమిషమో, నిమిషన్నరో. అంచున ఒక్క చుక్క వెలిగింది, అంతే, పగలు తిరిగొచ్చింది. కోళ్ళు గంప కింద నుంచే కూశాయి. అప్పుడు చూసుకుంటే నేను మోకాళ్ళ మీద ఉన్నాను. శివరామయ్య గారి చేతులు జోడించి ఉన్నాయి. ఆయన నా మోకాళ్ళు చూశారు, నేను ఆయన చేతులు చూశాను. "మినిట్స్‌లో రాయమాకరా" అన్నారు.

వంకాయ కూర అక్కడే వండుకుని తిన్నాం. ముసలమ్మ బయటికొచ్చి సుభాషిణికి చెంబుతో నీళ్ళిచ్చింది. "పానం మంచిగున్నదా బిడ్డా?" అని పొట్ట తడిమింది.

18 ఫిబ్రవరి

స్కూల్లో బోర్డు మీద సూర్యుణ్ణి గీయబోతే చేయి ఆగిపోయింది. పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టి చూసింది చూసినట్టు చెప్పాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

16 మార్చి, ఆదివారం

సభకు నలభైమంది. కొత్త మొహాలే ఎక్కువ. అందరిదీ ఒకటే ప్రశ్న. "బిడ్డను ఎప్పుడు చూపిస్తారు?" మే నెల సభలో అన్నాను.

9 ఏప్రిల్, బుధవారం

పొద్దున ఎనిమిదింటికి ఆడపిల్ల. ఆరు పౌన్లు. తల్లీ పిల్లా క్షేమం.

10 ఏప్రిల్

నిన్న రాయనిది.

పై పెదవి ఎడమవైపున ముక్కు దాకా చీలి ఉంది.

దయామణి బయటికొచ్చి, "సార్, కంగారు పడొద్దు. ఇది కుట్టు వేస్తే అతుక్కుంటుంది. మూడు నెలలు నిండి, పది పౌన్లు రానిచ్చి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని చెప్పింది. వింటున్నాననే అనుకున్నాను. అమ్మ లోపల నుంచి అరిచిన ఒక్క అరుపు తప్ప నాకేదీ వినబడలేదు. వెళ్ళి చూశాను. పిల్ల కళ్ళు తెరిచే ఉంది. నల్లగా, పెద్దగా, కదలకుండా నన్నే చూసింది. చీలికను నేను చూసింది ఆ తర్వాత. ఇది మాత్రం నిజం, ముందు కళ్ళే చూశాను.

12 ఏప్రిల్

పిల్ల పాలు పట్టుకోలేకపోతోంది. పెదవి బిగవదు, చీకినవి చీకినట్టే బయటికి వచ్చేస్తున్నాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. సుభాషిణి రెండు రోజులుగా నిద్రపోలేదు. దయామణి దూదితో పట్టమంది, అదీ కుదరలేదు.

మధ్యాహ్నం గోడ అవతల నుంచి ఏడుపు విని ఖలందర్ భార్య గుల్జార్ బేగం వచ్చింది. పిల్లను చూసి అయ్యో అనలేదు. మారు మాట్లాడకుండా ఇంటికెళ్ళి పాత ఇత్తడి ఉగ్గుగిన్నె తెచ్చింది. పిల్లను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నె కొమ్ము బాగున్న వైపు బుగ్గలో పెట్టి, చుక్క చుక్కగా వదిలింది. "తొందర పడొద్దమ్మా. మింగినాక ఇంకో చుక్క. మధ్యలో భుజానేసుకుని తట్టు" అని సుభాషిణికి చెప్పింది. పిల్ల గుటక వేసింది. ఆ గుటక చప్పుడు నాకు వినబడింది.

"నీకు ఇదంతా ఎట్లా తెలుసమ్మా?" అన్నాను.

"తెలుసులే సారూ" అంది.

15 ఏప్రిల్

మూడో నెల లోపలే. ఎనిమిదో నెలలో ఏమీ కాదు. మూడో నెల లోపలే.

అప్పుడు కత్తిపీట ఏ వైపు తిరిగి ఉంది? ఎడమవైపేనా?

పై వాక్యం కొట్టెయ్యాలి.

20 ఏప్రిల్, ఆదివారం

సభ అయ్యాక కార్యవర్గం మాత్రం ఉండిపోయింది. చెప్పాను. చివరికి శివరామయ్య గారే అన్నారు. "పుల్లారావూ, పిల్ల పెదవికీ గ్రహణానికీ సంబంధం లేదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఊరికి తెలవదు గదరా. ఇప్పుడు చూపిస్తే మనం పదేళ్ళు చేసిందంతా ఒక్కరోజులో పోద్ది. ఆపరేషన్ కానీ. పెదవి కుట్టినాక చూపిద్దాం. అప్పటిదాకా బయటికి తేవద్దు."

ఆయన్ననడం ఎందుకు, అందరికంటే ముందు తల ఊపింది నేనే. మినిట్స్‌లో రాసిందీ నేనే: బిడ్డ ఆరోగ్య కారణాల వల్ల ప్రదర్శన వాయిదా. ప్రదర్శన అనే రాశాను.

సుభాషిణికి చెప్పాను. ఉగ్గుగిన్నె కడుగుతూ ఉంది. కడిగిందే కడిగింది.

24 ఏప్రిల్

చూడటానికి వచ్చినవాళ్ళను అమ్మ గుమ్మంలోనే ఆపేస్తోంది. పిల్లకు కామెర్లట, గాలి తగలకూడదట. లోపల ఎత్తుకున్నప్పుడు కూడా కొంగు పిల్ల మొహం మీద కప్పుతోంది. మా అమ్మా, మా సంఘమూ ఒక్క మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి.

8 మే

ఈ రోజు అమ్మ కొంగు కప్పబోతుంటే సుభాషిణి చేయి పట్టుకుని ఆపింది. "అత్తా, దానికి ఊపిరాడొద్దా?" అంది. తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పద్దెనిమిదిన సభకు పిల్లను తీసుకొస్తున్నా."

"వాయిదా వేశాంగా."

"వేసింది మీరు. మాటిచ్చేటప్పుడు నన్ను అడగలా, తప్పేటప్పుడూ అడగలా. మాట మాత్రం నా బిడ్డ మీద."

జనం ఏమంటారో చెప్పాను. గ్రహణం వల్లే అంటారు, నీ వల్లే అంటారు, ఏడుస్తావు అన్నాను. ఉద్యమం అన్నాను. ఏదేదో అన్నాను. తను లేచి, గ్రహణం రోజు తీసుకెళ్ళిన చేసంచి తెచ్చి నా ముందు తలకిందులు చేసింది. అడుగు కుట్టులోంచి ఎండిపోయిన దర్భపోచ ఒకటి రాలింది.

ఫిబ్రవరి 16 ఉదయం నేను ఇందులో రాసింది అబద్ధం. పొయ్యిలో వెయ్యలేదు. తీసిన పోచ నాలుగు మడతలు పెట్టి ఆ సంచి అడుగున దూర్చాను. నా డైరీకే అబద్ధం చెప్పుకున్నాను. ఇంకెవరికి నిజం చెబుతాను?

"ఎప్పుడు చూశావు?"

"ఆ రోజే. వంకాయలు తీస్తుంటే చేతికి తగిలింది."

"మరి ఏమీ అనలేదేం?"

"భయపడ్డావని తెలిసింది. నాకూ భయమే. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేకపోయాం, అంతే." నవ్వింది. "సరే గానీ మాస్టారూ, గ్రహణం చూస్తే మొర్రి వచ్చుద్దని కదా జనం లెక్క. దర్భ పెట్టుకుంటే రాదని కదా. చూశాం, పెట్టుకున్నాం. మరి ఎందుకొచ్చిందంట?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. తర్వాత అది నవ్వు కాలేదు. పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పుట్టి నెలరోజులైంది. కొంగు అడ్డం లేకుండా, పగటి వెలుగులో నా కూతుర్ని నిదానంగా చూడటం ఇదే. ఆ చీలిక అంచు ఎంత లేతగా ఉందో! తామర రేకుకు కూడా అంత మెత్తదనం ఉండదు. ఇన్నాళ్ళూ దీన్నా నేను దాచింది?

18 మే, ఆదివారం

ఈ రోజుది ఈ రోజే రాయాలి.

రెండొందల మంది దాకా వచ్చారు. వసారా నిండి ఎండలో కూడా నిలబడ్డారు. ఊళ్ళో ఏదో గుసగుస పాకింది, లేకపోతే అంతమంది రారు. శివరామయ్య గారు నేత్రదానం గురించి మొదలుపెట్టారు. ఎవరూ వినడం లేదు. అప్పుడు గేటులోంచి సుభాషిణి వచ్చింది. పిల్ల భుజాన ఉంది. పక్కన గుల్జార్ బేగం, ఆమె వెనక ముసుగులో బీబీ. అందరి వెనక అమ్మ, "ఒద్దే, నా మాట యినవే" అంటూ.

శివరామయ్య గారు నా వైపు చూశారు. నేను లేచి మైకు సుభాషిణికి ఇచ్చాను. ఇంతకాలం మండలిలో నేను చేసిన పనుల్లో ఇదొక్కటే కొంచెం బాగున్నట్టుంది.

"జనవరిలో మా ఆయన మీకు మాటిచ్చాడు" అంది. "ఇదుగో." పిల్లను జనం వైపు తిప్పింది.

ముందు వరసలోంచే ఒకామె అంది. "చెప్పలా? గ్రహణమొర్రి! చూడొద్దంటే చూసింది, ఒక దర్భన్నా పెట్టుకుందా?"

"ఏమయ్యా, చెప్పు" అంది సుభాషిణి, మైకులోనే. పుల్లారావ్ అనలేదు.

చెప్పాను. దర్భపోచ జేబులోంచి తీసి పైకెత్తి చూపించాను. కార్యదర్శిని, సైన్సు మాస్టారును, భార్యకు తెలియకుండా ఆమె సంచిలో దర్భ దాచినవాణ్ణి అని చెప్పాను. శివరామయ్య గారు తల పట్టుకున్నారు. జనంలో నవ్వు మొదలైంది. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "నిజమేనమ్మా! జాడీ మీద రెండు పోచలేస్తే ఒకటే మిగిలింది. ఈడే తీశాడని అప్పుడే అనుకున్నా." నవ్వు వసారా దాటింది. ఈ సంగతి తెలియని ఆడమనిషి మా ఇంట్లో లేదన్నమాట. వాళ్ళకు తెలుసని తెలియనిది నాకొక్కడికే.

"దర్భ ఉన్నా పెదవి ఇట్లాగే ఉంది. పెదవి కలవకుండా ఆగిపోయింది ఎప్పుడో మూడో నెల లోపలే, గ్రహణం ఊసే లేనప్పుడు. సుభాషిణి తప్పు లేదు. తప్పంతా నాది. పుట్టని బిడ్డను పందెం కాశాను. పుట్టాక దాచాను" అన్నాను.

సుభాషిణి మైకు పక్కన పెట్టేసింది. "ఇప్పుడు ఎవరెత్తుకుంటారు దీన్ని?" అని చేతులు చాపింది.

ఎవరూ కదల్లేదు. నవ్వినవాళ్ళు కూడా. పదిహేడు మంది సభ్యుల్లో ఒక్కరూ కదల్లేదు. సుభాషిణి చేతులు అలాగే చాచి ఉన్నాయి. నేను అడుగు వేయబోయాను.

నాకంటే ముందు బీబీ వచ్చింది. పిల్లను రెండు చేతులా అందుకుంది. పిల్ల మొహంలోకి చూడటానికి ముసుగు అడ్డం వచ్చిందేమో, ఒక చేత్తో గడ్డం కిందికి లాగేసింది.

పై పెదవి, ఎడమవైపు, ముక్కు దాకా.

ఆరేళ్ళు. ఒకటే బావి. గుల్జార్ బేగం ఏనాడూ మొహం కప్పుకోలేదు, బీబీ ఏనాడూ విప్పలేదు. ఒకే ఇంట్లో ఆ తేడా ఎందుకుందని నేను ఒక్కనాడూ అడగలేదు. కరపత్రాలిచ్చాను. ఉగ్గుగిన్నె ఎవరిదో కూడా ఇప్పుడు తెలిసింది. గేటు దగ్గర ఖలందర్ నిలబడి ఉన్నాడు, తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకుని.

ఎవరో దగ్గారు. గుబురు మీసాల రైతు ఒకాయన, అరవై ఏళ్ళుంటాయి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఏంది ఇంతసేపు చూస్తున్నారు? నాది గూడా చూసుకోండి" అని రెండు వేళ్ళతో మీసం పైకెత్తాడు. మీసం కింద అదే గీత. "నలభై ఏళ్ళ నుంచి గొరిగించలా" అన్నాడు. ఆయన వెనక ఒకామె లేచింది. "మా ఇంట్లో ఒకతుంది. పదమూడేళ్ళది. బడికి కూడా పంపలా. తీసుకురమ్మంటారా?" అంది. ఎవరి జవాబు కోసమూ ఆగకుండా చెప్పులు లేకుండానే ఎండలో పరుగెత్తింది.

ఒకటి. రెండు. మూడు. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళోనే, పట్టపగలు, నా కళ్ళెదుటే ఉన్నారు. సాగర్ గట్టు మీద మోకాళ్ళు ఎందుకు వంగాయో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు కూడా నిలబడలేకపోయాను, బెంచీ మీద కూలబడ్డాను. శివరామయ్య గారు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఇది మాత్రం మినిట్స్‌లో రాయరా" అన్నారు. గుంటూరుకు ఎవరెవరిని ఎప్పుడు తీసుకెళ్ళాలో దయామణి అప్పటికే కాగితం మీద పేర్లు రాసుకుంటోంది. అమ్మ ఆమె పక్కన చేరి, మొదటి పేరు తన మనవరాలిదే ఉండాలని గొడవ పడుతోంది.

బీబీ ఇవేవీ వినడం లేదు. పిల్ల మొహం మీదికి వంగి ఏదో అంటోంది. పిల్ల ఆమె పెదవినే చూస్తోంది. చూసి చూసి, నోరు తెరిచింది. చీలిక రెండు వైపులకూ విచ్చుకుంది. అంత పెద్ద నవ్వు నేను ఏ పిల్ల మొహంలోనూ చూడలేదు. పుట్టాక అదే మొదటి నవ్వు.

బీబీ తల తిప్పి నన్ను వెతుక్కుంది. ముక్కులోంచి వచ్చే గొంతు, మాట సరిగా పలకదు, అయినా నాకు ప్రతి అక్షరం తెలిసింది. ఆరేళ్ళలో ఆమె నాతో అన్న మొదటి మాట.

"నవ్వుతాంది మాస్టారూ. చూడండి."

చూశాను.